మూడు డబ్బాల పసుపు

కనిగిరిని నడక పట్టణంగా ప్రకటించారని
ఊరికంటే ముందు నాకు తెలుసు,
బోర్డు రాసింది నేనే గనక.
పన్నెండడుగుల రేకు,
ఆకుపచ్చ నేల మీద తెల్ల అక్షరాలు,
చేతులూపుతూ నడుస్తున్న మనిషి ఒకడు.
"మనిషికి పొట్ట తగ్గించు ఖాజా" అన్నాడు ఏఈ గారు.
తగ్గించాను.
ఆయన పొట్ట సంగతి నేనెత్తలేదు.

తర్వాత రోడ్డు పని.
పామూరు బస్టాండు నుంచి కొండ కింద దాకా
రెండు కిలోమీటర్లు, అంచున పసుపు గీత,
రెండొందల మీటర్లకో అంకె,
అంకె పక్కన జత పాదాలు.
పాదాలకు అచ్చు కావాలంటే
అట్టముక్క మీద నా కాళ్ళే పెట్టి కోశాను.
ఊరంతా ఇప్పుడు
నా ఎనిమిదో నంబరు మీద నడుస్తోంది.

బళ్ళు తిరగకముందే రంగు ఆరాలి,
మూడింటికే మొదలెట్టేవాణ్ణి.
ఆ వేళప్పుడు రోడ్డున పోయేవాళ్ళెవరూ
ఆరోగ్యం కోసం పోయేవాళ్ళు కారు.
పంక్చరైన సైకిలుతో పాలతను,
చీపుళ్ళు భుజానేసుకున్న మున్సిపాలిటీ ఆడోళ్ళు,
ఒంగోలు మొదటి బస్సుకి
పరుగూ కాని నడకా కాని నడకతో నర్సమ్మ.
నా తడి గీత దగ్గర కొంచెం ఆగి
కుచ్చెళ్ళెత్తి పట్టుకుని
పరాయి వాకిట్లో ముగ్గు దాటినట్టు దాటేవాళ్ళు.

ఎనిమిదొందలు రాయాల్సిన చోట
మాలకొండమ్మ జామకాయల గంప.
"లేవాలమ్మా, ఇది నడిచేవాళ్ళ జాగా."
"నేనేమన్నా ఎగురుకుంటా వచ్చానా అబయా?"

లేవడానికి చాలాసేపు పట్టింది.
ముందు చెయ్యి నేలకు,
తర్వాత మోకాలు,
అది ఒప్పుకోదు,
మళ్ళీ చెయ్యి.
మా బోరు నీళ్ళు తాగిన ఎముకలు
వంగితే లేవవు, లేస్తే వంగవు.
నా పళ్ళ మీదా ఉన్నాయి ఆ నీళ్ళు,
ఎవడో నాసిరకం బ్రష్షుతో
గోధుమరంగు చారలు లాగినట్టు.

అంకె రాసి చూపించాను.
"ఎంతది?"
"బస్టాండు నుంచి ఇక్కడికి, మీటర్లు."
"నీళ్ళ ప్లాంటు కాణ్ణించి మా ఇంటికో?"
అది నా కాంట్రాక్టులో లేదు.

ప్రారంభం రోజు తెల్ల బూట్లు, టోపీలు, బుడగలు.
రోజుకు పదివేల అడుగులన్నాడు డాక్టరు.
మంచి మాటే.
నా షుగరుకీ అదే మందు.
అబద్ధమెందుకు, సాయంత్రాలు
మా ఆవిడతో నేనూ ఆ గీత మీదే పోతాను
నా పాదాల మీద నా పాదాలేసుకుంటూ.

కానీ మూడు డబ్బాలు మిగిలాయి.
లెక్కలో చూపిస్తే వెనక్కి పోతాయి.
చూపించలేదు.

రాత్రి పదింటికి
బిళ్ళ వేస్తే నీళ్ళిచ్చే మిషను దగ్గర మొదలెట్టాం.
టేపు పట్టలేదు.
బిందె చంకనెత్తుకుని ఆమె ముందు,
బ్రష్షుతో వెనక నేను.
దించిన చోటల్లా ఒక అంకె.
ఒకటి చర్చి గోడ.
రెండు టైలరు మెట్లు.
మూడూ నాలుగూ పక్కపక్కనే, అక్కడ ఎత్తు.
ఏడు దగ్గర కుక్క మొరిగితే
దాన్ని పేరు పెట్టి తిట్టింది.
గడప చేరేసరికి పదకొండు.

ఈసారి అచ్చు ఆమె కాళ్ళతో కోశాను.
కుడిది తిన్నగా ఉంది.
ఎడమది
పిలిస్తే పక్కకు తిరిగి చూసినట్టుంది.

నెల తిరక్కముందే ఏఈ గారు,
పొట్ట నిజంగానే కొంచెం తగ్గింది,
గీత పట్టుకుని సందులోకొచ్చాడు.
నాలుగో అంకె దగ్గర ఆగి
పాదాల మీద బూట్లు పెట్టి చూశాడు.
ఎడమ కాలు కుదరలేదు.
మోకాలు తిప్పాడు,
గోడ పట్టుకుని ఇంకాస్త తిప్పాడు.
కాసేపు అట్టాగే నిలబడ్డాడు.

"ఈ ఎడమ పాదం వంకర పడింది ఖాజా,
సరిచెయ్యి."
అట్టాగే సార్ అన్నాను.
రంగు అయిపోయింది.